ఇవ్వనన్న మాట

నేను బీటెక్ చదివి మందు అమ్మాను. ఈ సంగతి జర్మనీలో ఎవరితోనూ అనొద్దని విమానం ఎక్కేముందు మా ఇంట్లో ఒట్టు వేయించుకున్నంత పని చేశారు. మాస్టర్స్ చదవడానికి కెమ్నిట్జ్‌లో దిగిన మొదటి వారంలోనే చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా అందులో సిగ్గుపడాల్సిందేముందో నాకు ఇప్పటికీ తెలియదు. మా రాష్ట్రంలో మందు షాపులన్నీ ప్రభుత్వమే నడిపిన రోజులవి. ప్రకాశం జిల్లాలో మా ఊరి షాపులో సేల్స్‌మన్‌గా కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. మూడేళ్ళు ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాడికి అదే కలెక్టరు ఉద్యోగం.

షాపుకు ఇనుప జాలీ, అందులో చెయ్యి పట్టేంత కంత, బయట కర్రలు కట్టిన క్యూ. ఫలానా బ్రాండు ఉందా అని ఎవరైనా అడిగితే, ఉన్నది ఇదే, కావాలంటే తీసుకో, లేదంటే పక్కకు జరుగు అనేవాణ్ణి. మనిషికి మూడు సీసాలే. టైము కాగానే షట్టరు దించితే సర్పంచి బావమరిది వచ్చినా మళ్ళీ లేపేది లేదు. వీధిలో పోతుంటే అరుగుల మీద పెద్దమనుషులు నన్ను చూసి సర్దుకుని కూర్చునేవారు. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మా నాన్నకు దక్కని మర్యాద అది.

పొద్దున షాపు తెరిచే వేళకు, క్యూ ఇంకా చేరకముందే, ఆడవాళ్ళు వచ్చేవారు. వారానికి ఒకరిద్దరు తప్పకుండా వచ్చేవారు. జాలీకి ఓ పక్కగా నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యా, మా ఆయనకి ఇయ్యమాక" అనేవారు. కొనేవాణ్ణి మార్చలేనప్పుడు అమ్మేవాణ్ణి బతిమాలుకోవడం మా వైపు ఆడవాళ్ళకు అలవాటు. నేను పైకి రూల్సు చెప్పేవాణ్ణి కానీ, ఒకామె మాట మాత్రం విన్నాను. ఒక వేసవి అంతా ఆమె భర్తకు సీసా ఇవ్వలేదు. అతను తిట్టాడు, మన్ను ఎత్తిపోశాడు, కంతలో చెయ్యి పెట్టి నా చొక్కా పట్టుకున్నాడు, చివరికి రావడం మానేశాడు. ఆమె సున్నుండలు చేసి తెచ్చింది. తాగుడు మాన్పించడం ఇంత తేలికా అనుకున్నాను. ఆ చుట్టుపక్కల ఇంకో షాపు లేదన్న సంగతి నా లెక్కలోకి రాలేదు. అంతా నా గొప్పే అనుకున్నాను.

ఇక ఈ కథంతా ఎవరిదో ఆయన గురించి చెప్పాలి. నేను అన్న అని పిలిచేవాణ్ణి. కరీంనగర్ వైపు మనిషి. నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇండియాలో ఉద్యోగం వదులుకుని, పెళ్ళాన్నీ చిన్నపిల్లనూ అక్కడే ఉంచి, నాకంటే రెండేళ్ళ ముందు మాస్టర్స్‌కు వచ్చాడు. నేను దిగిన రోజు మంచు పడుతుంటే స్టేషనుకు ఒక జాకెట్ అదనంగా పట్టుకొచ్చాడు. అన్‌మెల్డుంగ్ అని, ఇక్కడ ఉంటున్నట్టు ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించే కాగితాలు కూడా ఆయనే నింపాడు. ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో చెయ్యి పట్టుకుని చూపించాడు. ఇద్దరం ఒకే ఫ్లాట్‌లో చెరొక గదిలో ఉండేవాళ్ళం. సొంత అన్న ఉంటే ఇంతకంటే బాగా చూస్తాడని నేను అనుకోను.

అన్నకు ఒక్క సబ్జెక్టు మిగిలింది. రెండుసార్లు తప్పాడు. ఇక్కడ మూడోసారే ఆఖరు. అది కూడా పోతే కోర్సులోంచి పేరు తీసేస్తారు, పేరు పోతే వీసా పోతుంది. పాసైతే మాత్రం ఆయన పార్ట్‌టైం చేస్తున్న కంపెనీ వాళ్ళే ఉద్యోగం ఇస్తామన్నారు. ఉద్యోగంతో బ్లూ కార్డు అనే వీసా వస్తే వదిన, పాప వచ్చేస్తారు. పాప పుట్టిన నాలుగేళ్ళలో ఆయన ఎత్తుకున్నది ఏడాది మాత్రమే. ఫిబ్రవరిలో రాయాల్సిన ఆ ఒక్క పేపరు మీద మూడు బతుకులు ఆధారపడి ఉన్నాయి. రెండోసారి తప్పిన రోజు నుంచి ఆయన తాగడం మొదలుపెట్టాడు. అక్టోబరు వచ్చేసరికి పొద్దున్నే బ్రష్ చేసుకోకముందే తాగుతున్నాడు.

నేనేమో చదువుకుంటూ వారంలో మూడు రోజులు మందు, సోడాలు, నీళ్ళు, అన్నీ క్రేట్ల లెక్కన అమ్మే ఒక పానీయాల దుకాణంలో పనిచేస్తున్నాను. మళ్ళీ అదే వృత్తి. తలరాత అంటే ఇదే. వదిన ఒకరోజు నాకు ఫోన్ చేసింది. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. గొంతులో ఏడుపు లేదు, పిల్లలకు లెక్క చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"తమ్మీ, నువ్వు పనిజేసేది మందు షాపులనే గదా. మీ అన్న ఆడనే కొంటుండట. ఆయనకు చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఇగ నీకు చెప్తున్న. నువ్వు ఇయ్యకు. నాకు మాట ఇయ్యి."

"ఇవ్వను వదినా. నా చేతిమీదుగా ఒక్క చుక్క కూడా వెళ్ళదు," అన్నాను. మా ఊరి జాలీ వెనక నిలబడ్డప్పటి ధీమా అంతా ఆ మాటలో ఉంది.

మర్నాడు అన్న వచ్చి బీరు క్రేటు కౌంటరు మీద పెడితే బిల్లు కొట్టనన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. మా ఓనరమ్మ, అరవై దాటిన జర్మన్ మనిషి, చూసి దగ్గరికొచ్చింది. ఏమిటి సంగతి అంటే చెప్పాను. "అతను తూలుతున్నాడా? గొడవ చేస్తున్నాడా? లేదు కదా. పెద్దవాడు, అతని ఇష్టం. నువ్వేమన్నా అతని తల్లివా?" అని తనే బిల్లు కొట్టి ఇచ్చింది. ఆ తర్వాత నన్ను గోడౌన్‌లోకి తీసుకెళ్ళి, నా కొట్టులో నా కస్టమర్ని ఇంకోసారి ఆపితే పని ఉండదని మర్యాదగానే చెప్పింది.

నాకు పౌరుషం వచ్చింది. ఊరుకుంటే పోయేదానికి, ఒక్కొక్క కొట్టుకూ తిరిగాను. ట్రామ్ స్టాపు పక్కన వియత్నాం ఆవిడ ఒకామె చిన్న కొట్టు నడిపేది. నా వచ్చీరాని జర్మన్‌లో చెప్పి, ఫోన్‌లో అన్న ఫొటో చూపించాను. ఆవిడ రెండో మాట అడగలేదు. "మా అన్న కూడా ఇంతే," అని తలూపింది. ఇక్కడ పెట్రోలు బంకుల్లోనూ మందు దొరుకుతుంది, అక్కడ పనిచేసే గుంటూరు అమ్మాయికి చెప్పాను. "అయ్యో, అట్నా అన్నా? నేను ఇవ్వన్లే," అంది. అన్నకు రెండు కొట్లు మూయించానని పొంగిపోయాను. సూపర్‌మార్కెట్ దగ్గర నా బండి ఆగిపోయింది. అక్కడ సొంతంగా స్కాన్ చేసుకునే మిషన్లు. సీసా పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది. అటుపక్క నుంచి ఒక అమ్మాయి తలెత్తి మొహం చూసి, మైనరు కాదని ఒక బటన్ నొక్కుతుంది, అంతే. ఆ మిషన్‌కు నేను ఎవరి గోడు చెప్పుకోను?

మా పై ఫ్లాట్‌లో ఒక జర్మన్ కుర్రాడు ఉండేవాడు. గంజాయి చట్టం మారాక, దాన్ని సభ్యులకు పంచే ఒక క్లబ్బులో చేరాడు. వాళ్ళ రూల్సు మెట్ల మీద నాకు చెప్పాడు. సభ్యత్వం ఉన్నవాళ్ళకే ఇస్తారట. నెలకు ఇంతకు మించి ఇవ్వరట. క్లబ్బు బడికి దగ్గర్లో ఉండకూడదట, బయట ప్రకటన కూడా పెట్టకూడదట. వింటుంటే నాకు కడుపు మండిపోయింది. ఆకుకు ఇన్ని కట్టుబాట్లు తెలిసిన దేశానికి సీసా దగ్గర ఏమొచ్చింది? పదహారేళ్ళ పిల్లలకు బీరు ఇస్తారు, బిల్లు కౌంటరు దగ్గర చాక్లెట్ల పక్కన చిన్న సీసాలు పేరుస్తారు. మా ఊళ్ళో ఆ ప్రభుత్వ షాపుల్ని జనం ఎంత తిట్టుకున్నారో నాకు తెలుసు, నా మొహం మీదే తిట్టేవారు. నేను మాత్రం ఇక్కడ ట్రామ్‌లో కూర్చుని అలాంటి జాలీ ఒకటి ఈ ఊరికీ ఉంటే బాగుండునని దేవుణ్ణి అడిగాను.

దేవుడు క్రిస్మస్ ఇచ్చాడు. డిసెంబరు ఇరవై నాలుగు మధ్యాహ్నానికి ఇక్కడ పెట్రోలు బంకులు తప్ప కొట్లన్నీ మూతపడితే, మళ్ళీ ఇరవై ఏడు దాకా తెరవవు. అన్న ముందే తెచ్చి మంచం కింద పెట్టుకున్నాడు. కొట్లు మూశాక ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అన్నీ వంటింటి సింకులో పోసేశాను. ఖాళీ సీసాలు వరసగా గట్టు మీద పెట్టాను, చూడాలని. చూశాడు. జాకెట్ వేసుకుని వెళ్ళాడు. గంటలో తిరిగొచ్చాడు, వట్టి చేతులతో.

"బంకుల ఆ పోరికి గూడ చెప్పినవార?" అన్నాడు. "అన్నా, మీకు ఇవ్వొద్దన్నరు అంటది. నా చెల్లె ఈడు లేదు. అందరి ముంగట అంటది."

నేను తల వంచుకున్నాను కానీ లోపల గెలిచినట్టే ఉంది. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఇరవై ఐదున ఒళ్ళంతా చెమటలు, వణుకు. అన్నం ముట్టలేదు. మిరియాల చారు పెట్టి ఇస్తే గ్లాసు పట్టుకోలేక సగం ఒలకబోశాడు. ఒంట్లో ఉన్న విషమంతా దిగిపోతోందని సంబరపడ్డాను. వదినకు మెసేజ్ కూడా పెట్టాను, నిన్నటి నుంచి ముట్టలేదు వదినా అని. ఆమె దండం పెడుతున్న చేతుల బొమ్మ పంపింది.

ఇరవై ఆరు పొద్దున నేను ఉప్మా కలుపుతుంటే అన్న వంటింట్లోకి వచ్చాడు. "పాపను దించు, పొయ్యి మీదికి ఎక్కుతుంది," అన్నాడు. అక్కడ పాప లేదు. ఆ మాట నాకు అర్థమయ్యేలోపు ఆయన మొద్దులా వెనక్కి పడిపోయాడు. కళ్ళు తేలేశాడు, నోట్లో నురగ, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఫిట్స్. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. తాళాల గుత్తి తెచ్చి ఆయన చేతిలో పెట్టి పిడికిలి బిగించి పట్టుకున్నాను. జర్మనీలో మాస్టర్స్ చదువుతున్నవాణ్ణి, ఇనుము పట్టిస్తే ఆగుతుందని ఏడుస్తూ కూర్చున్నాను. నా ఏడుపు విని దిగొచ్చిన పై ఫ్లాట్ కుర్రాడు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. వచ్చినవాళ్ళు ముందు ఆ పిడికిలి విప్పి తాళాలు తీసి నాకిచ్చారు. గుత్తి అంచు గీరుకుని ఆయన అరచెయ్యి తెగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది, రోజూ ఇంత తాగే మనిషిని ఒక్కసారిగా ఎవరు ఆపారు అని. నేనేనని చెప్పాను. "ఇలా ఆపితే మనిషి చనిపోవచ్చు. మీకెవరూ చెప్పలేదా?" అంది. లేదన్నాను. ఆవిడ కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఆవిడ కాగితం మీద రాసుకుని వెళ్ళిపోయింది. నేను మా ఊళ్ళో మూడేళ్ళు మందు అమ్మాను, ఎవరు ఎంత తాగుతారో మొహం చూసి చెప్పగలను. ఈ ఒక్క ముక్క నాకు తెలియదు. వరండాలో కుర్చీలో కూర్చుని, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చాను.

కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండి చికిత్స తీసుకోమన్నారు. పరీక్ష సంగతి సర్టిఫికెట్ ఇస్తే వాయిదా పడుతుందన్నారు. అన్న ఒప్పుకోలేదు.

"తాగుబోతు అని కాయితం ఇస్తరు. గా కాయితం వీసా ఆఫీసుకు పోతే? నా బిడ్డను రానిస్తరా?"

"అట్టా ఏం పంపర్లే అన్నా. డాక్టర్లు ఎవరికీ చెప్పరంట."

"నీకేమెర్క?"

నాకు నిజంగానే ఏమీ తెలియదని అప్పటికే రుజువైంది. మూడో రోజు సంతకం పెట్టి బయటకు వచ్చేశాడు. వెళ్ళేవాణ్ణి ఆపలేక డాక్టరమ్మ నాకు చెప్పింది, మళ్ళీ ఒక్కసారిగా ఆపొద్దు, వైద్యుణ్ణి కలుస్తూ మెల్లగా తగ్గించాలి, తాగుడు మాన్పించే కౌన్సెలింగుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకోండి అని. టెర్మిన్ దొరికింది, ఏడు వారాల తర్వాత. అంటే పరీక్ష అయ్యాక. వైద్యుడి దగ్గరికి అన్న ఒక్కసారి కూడా రాలేదు.

ఇంటికొచ్చాక అన్నే అన్నాడు. "మందు నా దగ్గర ఉంటే ఆగదు. నీ దగ్గర పెట్టు. టైముకు ఇంత అని ఇయ్యి. నేను అడుక్కున్నా ఎక్కువ ఇయ్యకు." నా బట్టల బీరువాకు తాళం ఉంది. చలికోట్ల వెనక సీసాలు పెట్టాను. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం ఆరుకు, గీత పెట్టిన స్టీలు గ్లాసుతో ఇచ్చేవాణ్ణి. గీత రోజురోజుకూ కిందికి దింపాలని ఇద్దరం అనుకున్నాం. మొదటి రోజు ఆయన గ్లాసు అందుకుని, "మల్ల గవర్నమెంటు షాపు వెట్టినవ్ లే," అని నవ్వాడు. నేనూ నవ్వాను. నాలుగో రోజుకు ఆ నవ్వు పోయింది. ఎనిమిది కాకముందే నా తలుపు బయట చెప్పుల చప్పుడు వినిపించేది. తలుపు కొట్టడు, అటూ ఇటూ నడుస్తాడు, దగ్గుతాడు. తీస్తే, "టైమైందా తమ్మీ?" అంటాడు. నాకు జాకెట్ తెచ్చి స్టేషనులో నిలబడ్డ మనిషి, నా కాగితాలన్నీ నింపిన మనిషి, చెయ్యి చాపి నా గుమ్మంలో నిలబడితే నాకు ఆ ఇంట్లోంచి పారిపోవాలనిపించేది. రెండుసార్లు అరిచాను కూడా, ఇంకా పది నిమిషాలుంది పో అని. పోయాడు. పది నిమిషాలు గోడకు ఆనుకుని నిలబడి మళ్ళీ వచ్చాడు.

వదిన ఆదివారాలు ఫోన్ చేసేది. ఆసుపత్రి సంగతి చెప్పొద్దని అన్న పాప మీద ఒట్టు వేయించుకున్నాడు. "ఇస్తలేవు గదా తమ్మీ?" అని అడిగేది. "లేదు వదినా," అనేవాణ్ణి. మొదటిసారి చెప్పి వెంటనే ఫోన్ పెట్టేశాను. తర్వాత తేలికైపోయింది.

పరీక్ష రోజు పొద్దున ఎనిమిది గంటల గ్లాసు తాగాక కూడా ఆయన చేతులు వణుకుతున్నాయి. పెన్ను పట్టుకుని కాగితం మీద తన పేరు రాసి చూపించాడు. చిన్నపిల్లల రాతలా ఉంది. "ఇంకొక్కటి. ఇయ్యాల ఒక్కరోజే," అన్నాడు. ఇవ్వకపోతే రాయలేడు, ఇస్తే హాల్లో వాసన వస్తుంది. నెలన్నర కష్టపడి తగ్గించిన గీత. ట్రామ్ టైమైంది, ఆలోచించే వ్యవధి లేదు. ఇచ్చాను. పావుగంటలో చేతుల వణుకు ఆగింది. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు, నోట్లో లవంగాలు వేసుకున్నాడు. నాకు సంతోషమేసింది. ఎంత సిగ్గుమాలిన సంతోషమో అప్పుడు తెలియలేదు.

పాసయ్యాడు, బొటాబొటిగా. ఆ తర్వాత మా ఇంట్లో అన్నీ మంచే జరిగాయి. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, బ్లూ కార్డు వచ్చింది. కౌన్సెలింగు టెర్మిన్‌కు వెళ్ళి, నేను మానేశానని చెప్పి అరగంటలో తిరిగొచ్చాడు. గ్లాసు మీద గీత మాత్రం మళ్ళీ కిందికి దిగలేదు. ఇంటర్వ్యూ రోజు ఇంకొక్కటి, ఉద్యోగంలో చేరిన రోజు ఇంకొక్కటి, మీటింగులో మాట్లాడాల్సిన రోజు ఇంకొక్కటి. ప్రతిదానికీ ఒక కారణం ఉండేది. ప్రతి కారణమూ నాకు న్యాయంగానే కనిపించేది. బీరువాలో సీసాలు పెరిగి కోట్లు ఒక పక్కకు జరిగాయి.

ఆగస్టులో ఒక సాయంత్రం వదిన ఫోన్ చేసింది. వీసా స్టాంపు పడిందట. వెనక పాప గంతులేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. స్పీకరులో పెట్టాను. అన్న అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆరు కావస్తోంది.

"తమ్మీ, ఒక్కమాట అడుగుత, నిజం చెప్పు," అంది. "ఆయన మాట నేను నమ్మ. నీ మాట నమ్ముత. మానిండా?"

అన్న నా మొహం చూడలేదు. బీరువా వైపు చూస్తున్నాడు. చెప్పేయాలనుకున్నాను. చెబితే ఆమె రాదు. ఆమె రాకపోతే ఆయన ఏమవుతాడో నాకు తెలుసు. వస్తే ఆమె ఏమవుతుందో కూడా తెలుసు.

"మానాడు వదినా," అన్నాను.

ఆమె ఊపిరి వదలడం ఫోన్‌లో వినిపించింది. "అయితే రేపు స్కూల్ల రాజీనామా ఇచ్చేస్త. ఇల్లు గూడ ఖాళీ చేస్తమని చెప్త," అంది. "నీకేం తేవాలె తమ్మీ, చెప్పు."

ఏమీ వద్దన్నాను. ఆమె ఊరుకోకుండా సకినాలు తెస్తానంటోంది, పాప ఫోన్ లాక్కుని నాన్న ఉన్నాడా అని అడుగుతోంది. అన్న చెయ్యి చాపాడు. నేను లేచి బీరువా తాళం తీశాను.